ఫిల్మ్ కెమెరాకూ ఆటోఫోకస్ ఉండేది

సంపాదకులకు నమస్కారం.

ఫిల్మ్ కెమెరాలు మళ్లీ యువత చేతుల్లోకి వస్తున్నాయంటూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాజమహేంద్రవరంలో 1976లో స్టూడియో పెట్టి 2012లో మూసేసినవాడిని. రీలు వేయడం, కడగడం, ప్రింట్లు తీయడం తప్ప మరో పని తెలియకుండా బతికిన నాకు ఆ వ్యాసం ఇచ్చిన సంతోషం చిన్నది కాదు. అయితే అందులో ఒక పొరపాటు ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ఒక సలహా కూడా ఇచ్చారు. పొరపాటును దిద్దుకోవచ్చు, ఆ సలహా విన్న పిల్లలు మాత్రం నష్టపోతారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, మన్నించగలరు.

ఫిల్మ్ రోజుల్లో ఫోటోగ్రాఫర్ లెన్స్‌ను చేత్తో తిప్పుకుని ఫోకస్ చేసేవాడనీ, కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకోవడం డిజిటల్‌తోనే మొదలైందనీ వ్యాసకర్త రాశారు. ఫిల్మ్ నేర్చుకోవాలనుకునేవారు అన్నీ చేత్తో చేసుకునే లోహపు కెమెరానే కొనాలనీ, మోటారు ఉన్న ఫిల్మ్ కెమెరా చేతిని బద్ధకానికి అలవాటు చేస్తుందనీ అన్నారు.

విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్న మా మనవరాలు దసరా సెలవులకు వచ్చినప్పుడు మోటారుతో ఫోకస్ చేసుకునే నా ఫిల్మ్ కెమెరా నికాన్ ఎఫ్-801 అడిగి తీసుకుంది. ఆ ఆదివారం మీ పత్రిక చదివి, కెమెరాను సంచీతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "తాతయ్యా, ఇది అసలైన ఫిల్మ్ కెమెరా కాదట. ఆ పాత పెంటాక్స్ ఇస్తావా?" అని అడిగింది. పిల్ల తప్పేమీ లేదు. అచ్చులో చూసింది, నమ్మింది.

ముందు సంవత్సరాల సంగతి చెబుతాను. తనంతట తాను ఫోకస్ చేసుకునే కెమెరా 1977లోనే అంగళ్లలో అమ్మకానికి వచ్చింది. అది కొనికా సి35 ఏఎఫ్. చేతిలో ఇమిడే చిన్న కెమెరా, లెన్స్ మార్చడానికి ఉండదు. లెన్స్ మార్చుకోగలిగిన ఎస్ఎల్ఆర్, అంటే లెన్స్‌లోంచి వచ్చే బొమ్మనే అద్దంతో కంటికి చూపే కెమెరాల్లో 1981లో పెంటాక్స్ ఎంఈ-ఎఫ్ వచ్చింది. దానికి ఫోకస్ మోటారూ సెల్సూ లెన్స్‌లోనే ఉండటంతో ఆ లెన్స్ చూడటానికే బరువుగా ఉండేది. 1983లో నికాన్ కూడా ఎఫ్3 ఏఎఫ్ పేరుతో ఒక ప్రయత్నం చేసింది, ప్రత్యేకంగా చేసిన రెండే లెన్స్‌లతో. అసలు మలుపు 1985లో మినోల్టా 7000తో వచ్చింది. ఫోకస్‌ను కొలిచే కన్నూ, లెన్స్‌ను తిప్పే మోటారూ రెండూ కెమెరా శరీరంలోనే పెట్టి, దానికి తగిన లెన్స్‌ల వరుసను ఒక్కసారిగా బజారులో దింపారు. ఈ ఫోకస్ పద్ధతి మీద తమకు పేటెంట్లు ఉన్నాయంటూ హనీవెల్ అనే అమెరికా సంస్థ కోర్టుకు వెళ్లింది. 1992లో జ్యూరీ తీర్పు మినోల్టాకు వ్యతిరేకంగా వచ్చాక, ఆ వివాదం తేల్చుకోవడానికి మినోల్టా 12 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. అప్పటికే ఆటోఫోకస్ అంత పెద్ద వ్యాపారం. 1986లో నికాన్ ఎఫ్-501, 1987లో కానన్ ఈఓఎస్ 650, 1988లో నా దగ్గరున్న ఎఫ్-801. ఇవన్నీ రీలుతో నడిచేవే.

డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఎప్పుడు వచ్చింది? కొడాక్ డీసీఎస్ అనే తన మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ను 1991లో అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది డీసీఎస్ 200 వచ్చింది. ఆ కెమెరా పైభాగం చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు, ఎందుకంటే అది నా ఎఫ్-801కు తమ్ముడైన ఎఫ్-801ఎస్ శరీరమే. అందులో ఫిల్మ్ ఉండవలసిన చోట ఒకటిన్నర మెగాపిక్సెళ్ల సెన్సర్ అమర్చారు. అద్దం, షట్టర్, ఫోకస్ మోటారు, వెలుగు కొలిచే మీటరు అన్నీ ఫిల్మ్ కెమెరావే. అంటే డిజిటల్ వచ్చి ఆటోఫోకస్‌ను తేలేదు. ఆటోఫోకస్ ఉన్న ఫిల్మ్ కెమెరా ఒంట్లోకే డిజిటల్ వచ్చి చేరింది. వ్యాసంలోని ఆ వాక్యాన్ని తలకిందులు చేస్తే సరిపోతుంది.

ఇక బద్ధకం అన్న మాట. అది నన్ను బాధపెట్టింది. ఎందుకో చెప్పాలంటే నా కళ్ల గురించి చెప్పాలి.

నాకు చిన్నప్పటి నుంచీ దూరపు చూపు తక్కువ. కళ్లద్దాలు మైనస్ ఆరు. నలభై దాటేసరికి చత్వారం కూడా వచ్చింది. అప్పుడు నా చేతిలో ఉన్నది పెంటాక్స్ కె1000. మంచి కెమెరా, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దానిలో కన్ను పెట్టి చూసే తెర మధ్యలో ఒక చిన్న వలయం ఉంటుంది. ఫోకస్ కుదరనంత సేపూ ఆ వలయంలో బొమ్మ సన్నగా చెదిరి మిణుకుతుంది, కుదరగానే నిలకడగా నిలబడుతుంది. పాతికేళ్ల వయసులో ఆ మిణుకు ఆగిన క్షణం నాకు కన్ను కంటే ముందు వేలికి తెలిసేది. నలభై ఒకటో ఏట అది ఆగిందో లేదో తెలియడం మానేసింది. కళ్లద్దాలతో చూస్తే తెర అంచులు కనబడవు, తీస్తే ఏమీ కనబడదు. రాత్రి ముహూర్తాల్లో పందిట్లో ట్యూబులైట్ల వెలుగులో ఆ తెర ఇంకా మసక. రీలు కడిగి లూపుతో, అంటే చిన్న భూతద్దంతో, నెగెటివ్ చూస్తే పెళ్లికొడుకు వెనక నిలబడ్డ మేనమామ స్పష్టంగా ఉండేవాడు, పెళ్లికొడుకు ఉండేవాడు కాదు. ఒక తండ్రి ఆల్బమ్ తిరగేసి, "అన్నీ ఇలాగే వచ్చాయా అండీ?" అని మాత్రమే అడిగాడు. ఆయన గట్టిగా తిట్టి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. ఆ ఏడాది మాఘమాసంలో నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకోకుండా వదిలేశాను.

1991లో, గోదావరి పుష్కరాలకు కొద్ది వారాల ముందు, మస్కట్‌లో పనిచేసే మా బావమరిది ఎఫ్-801ను, 35-70 లెన్స్‌ను, ఎస్‌బీ-24 ఫ్లాష్‌ను తెచ్చి ఇచ్చాడు. డబ్బు రెండేళ్లలో తీర్చాను. మొదటిసారి కంటికి పెట్టుకున్నప్పుడు ఫోకస్ సంగతి నా దృష్టికి రానే లేదు. కళ్లద్దాలు తీయకుండానే తెర నాలుగు మూలలూ, కింద అంకెలూ ఒక్కసారే కనబడ్డాయి. కన్ను కాస్త దూరంగా ఉన్నా పూర్తి బొమ్మ కనబడేలా ఆ వ్యూఫైండర్‌ను కావాలనే తయారు చేశారు. కళ్లద్దాలవాళ్ల కోసం ఎక్కడో జపాన్‌లో ఒక మనిషి కూర్చుని ఆలోచించాడన్నమాట. ఆ తర్వాత బటన్ సగం నొక్కాను. లెన్స్ గిర్రున తిరిగి ఆగింది. గోడ మీది క్యాలెండర్‌లో తిథులు విడివిడిగా కనబడ్డాయి.

అది ఎలా పనిచేస్తుందో చెబితే బద్ధకం అన్న మాట ఎందుకు నిలవదో తెలుస్తుంది. కెమెరాలోని పెద్ద అద్దం మధ్యభాగం కొంత వెలుగును వెనక్కి పోనిస్తుంది. ఆ అద్దం వెనకే చిన్న అద్దం ఒకటి ఉంటుంది, అది ఆ వెలుగును కెమెరా అడుగుకు మళ్లిస్తుంది. అక్కడ ఒకే దృశ్యం రెండు చిన్న బొమ్మలుగా పడుతుంది, ఒకటి లెన్స్ ఒక పక్క నుంచి వచ్చిన వెలుగుతో, ఇంకొకటి రెండో పక్క నుంచి వచ్చిన వెలుగుతో. రెండు బొమ్మల మధ్య ఎడం ఉండవలసినంత ఉంటే ఫోకస్ కుదిరినట్టు. ఎడం తగ్గినా పెరిగినా లెన్స్‌ను ఏ వైపుకు, ఎంత తిప్పాలో కెమెరా లెక్క కట్టుకుంటుంది. అప్పుడు మోటారు తిరుగుతుంది. కెమెరాకు లెన్స్ తగిలించే మౌంటు అంచున స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న కడ్డీ బయటికి పొడుచుకు వస్తుంది, లెన్స్ వెనక దానికి తగిన గాడి ఉంటుంది. ఆ మొన తిరిగితే లెన్స్ తిరుగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. మనం కంటితో, వేలితో చేసే పనినే కెమెరా ఇంకో దారిలో చేస్తుంది.

అయితే ఎఫ్-801కు ఫోకస్ కొలిచే చోటు ఒక్కటే, సరిగ్గా తెర నడిమధ్యన. ఆ కొలిచే గీత అడ్డంగా ఉంటుంది. అడ్డంగా ఉన్న గీతకు నిలువు అంచులే కనబడతాయి, అడ్డ అంచులు కనబడవు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, గోదావరి చెప్పింది. పాత రైలు వంతెన స్తంభం మీద పెడితే కళ్లు మూసి తెరిచేలోగా ఫోకస్ దొరికేది. అదే అవతలి గట్టున నీటి అంచు మీద పెడితే లెన్స్ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి వచ్చి, దొరకలేదని ఆగిపోయేది. అలాంటప్పుడు కెమెరాను నిలువుగా తిప్పి, అదే నీటి అంచు మీద బటన్ సగం నొక్కి పట్టి, మళ్లీ అడ్డంగా తిప్పుకుని తీయాలి. ఆ విద్య పట్టుబడేసరికి నాకు రెండు రీళ్లు ఖర్చయ్యాయి.

పెళ్లి పందిట్లో ఈ ఎరుక ఎంత పనికొచ్చిందో మాటల్లో చెప్పలేను. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర తొలగగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది ఒకటి రెండు క్షణాలే. పట్టుపంచె మడత మీద పెడితే కెమెరాకు పట్టు దొరకదు, తెల్లటి మైదానంలా కనబడుతుంది. నున్నటి చెంప మీదా దొరకదు. బాసికం మీద పెట్టాను. ముత్యాలు, దారాలు, తగరపు అంచులు అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వెంటనే దొరికింది. బాసికానికీ కళ్లకూ మధ్య దూరం వేలెడు కూడా ఉండదు, లెన్స్ రంధ్రం 5.6 ప్రాంతంలో (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఉంటే కళ్లు కూడా చక్కగా వస్తాయి. బటన్ సగం నొక్కి ఉంచి, చట్రాన్ని ఇద్దరూ పట్టేలా జరిపి, అడ్డుతెర తొలగే దాకా వేలు కదపకుండా నిలబడేవాడిని. ఇంకో మేలు: ఫోకస్‌ను ఒక్కసారి పట్టి నిలిపే పద్ధతిలో పెడితే ఫోకస్ కుదిరే దాకా ఈ కెమెరా షట్టర్ పడనివ్వదు. కొందరికి అది విసుగు. కన్ను తక్కువైన నాకు అది కాపలా.

హోమం పొగలో కెమెరా తికమక పడేది, నిజం. చీకటి మూలల్లో కూడా అంతే. అందుకే ఎస్‌బీ-24 ఫ్లాష్ ముఖాన ఒక ఎర్ర దీపం పెట్టారు. చీకట్లో బటన్ నొక్కితే అది ఎదుటివారి మీద ఎర్రటి గీతల నమూనా ఒకటి వేస్తుంది, కెమెరా ఆ గీతల మీద ఫోకస్ పట్టుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి, కరెంటు పోయి పెట్రోమాక్స్ దీపాల వెలుగులో తలంబ్రాలు తీశాను. ఆ నెగెటివ్‌లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. గాలిలో ఉన్న గింజలు లెక్కపెట్టవచ్చు.

పుష్కరాల గురించి కూడా కొంచెం చెప్పనివ్వండి. ఆ పన్నెండు రోజులూ పుష్కరాల రేవులో ఉన్నాను. పొద్దున ఎనిమిది దాటాక గోదావరి మీద ఎండ అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు వెనక పెట్టుకుని స్నానం చేసి లేస్తున్న మనిషిని తీస్తే, పాత కెమెరా మీటరు ఆ వెలుగునే నమ్మి ముఖాన్ని నల్లగా చేసేది. ఎఫ్-801 మీటరు తెరను ఐదు భాగాలుగా చూస్తుంది. ఏ భాగం ఎంత వెలుగులో ఉందో పోల్చి, వెనక మెరుపు ఉందని గ్రహించి, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఈ పద్ధతిని నికాన్ 1983లో ఎఫ్ఏ అనే కెమెరాలో మొదలుపెట్టింది. ఆ కెమెరాలో ఫోకస్ చేత్తోనే చేసుకోవాలి, తెలివి అంతా మీటరులోనే.

అంతకంటే ముఖ్యం ఫ్లాష్‌తో కలిసే వేగం. కె1000లో ఫ్లాష్ వాడాలంటే షట్టర్ సెకనులో 60వ వంతుకు మించి పెట్టడానికి వీల్లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో 100 వేగం (ఫిల్మ్ వెలుగును పట్టే శక్తికి కొలత) ఉన్న రీలు వేసుకుని, 60వ వంతుతో తీయాలంటే లెన్స్ రంధ్రాన్ని 22 దాకా మూయాలి. అంత మూస్తే ఫ్లాష్ వెలుగు నాలుగడుగులు కూడా సరిగా చేరదు. ఎఫ్-801లో ఆ హద్దు 250వ వంతు. లెన్స్ రంధ్రాన్ని 11 దగ్గర ఉంచుకోవచ్చు, అదే ఫ్లాష్ రెట్టింపు దూరం పోతుంది. తలపై నుంచి కొంగు కప్పుకుని, మూడు మునకలు వేసి లేచి, దోసిట్లో నీళ్లతో సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న ఒక పెద్దావిడను తీశాను. కొంగు నీడలో ఆమె కళ్లు, నీళ్లు కారుతున్న వేళ్లు, వెనక మెరిసే నది, మూడూ ఒకే నెగెటివ్ మీద ఉన్నాయి. పక్కవాళ్లు నన్ను తోస్తున్నారు, మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాను, కళ్లద్దాల మీద నీటి చుక్కలు. ఆ పరిస్థితిలో చేత్తో తిప్పి ఫోకస్ చేయడం నా వల్ల అయ్యే పని కాదు. ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ప్రింటు ఇవ్వలేకపోయాను. ఆ లోటు అలాగే ఉంది.

ఎఫ్-801 షట్టర్ గరిష్ఠ వేగం సెకనులో 8000వ వంతు. కాగితం మీద గొప్ప అంకె. నేను దాన్ని రెండు మూడుసార్ల కంటే ఎక్కువ వాడలేదు.

రీలు వేయడం గురించి మాత్రం చెప్పాలి. కె1000లో రీలు కొసను చుట్టే ఇరుసు గాడిలో చేత్తో దోపాలి. లీవరు తిప్పుతున్నప్పుడు ఎడమ పక్కనున్న రీవైండు పిడి కూడా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. 1984లో ఒక ఉపనయనంలో హడావిడిలో చూసుకోలేదు. కొస గాడి నుంచి జారిపోయింది. అంకెల చక్రం 1, 2, 3 అంటూ 36 దాకా తిరిగింది, లోపల రీలు ఒక్క అంగుళం కదలలేదు. వటువు తలపై గొడుగు పట్టిన మేనమామ, మొదటి భిక్ష వేసిన తల్లి, ఏదీ మిగలలేదు. ఆ ఇంటివారికి ముఖం చూపించలేక నెల రోజులు ఆ వీధి వైపు వెళ్లలేదు. ఎఫ్-801లో రీలు కొసను ఎర్ర గుర్తు దాకా లాగి, తలుపు మూసి, బటన్ నొక్కితే చాలు, మొదటి బొమ్మ దగ్గరికి అదే చుట్టుకుని నిలబడుతుంది. రీలు అయిపోయాక రెండు బటన్లు కలిపి నొక్కితే వెనక్కి చుడుతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ కెమెరాతో పనిచేశాను, ఖాళీ రీలు ఒక్కటి రాలేదు. ఇది బద్ధకమైతే, ఆ ఉపనయనం నాటికి నా దగ్గర ఆ బద్ధకం ఉండాల్సింది.

రీలు డబ్బా మీద వెండి రంగు, నలుపు రంగు గళ్లు ఉంటాయి. కెమెరా లోపలి చిన్న లోహపు కొనలు వాటిని తాకి రీలు వేగం చదువుకుంటాయి. దీన్ని డీఎక్స్ గుర్తు అంటారు. అయితే మేము ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు నలుపు తెలుపు ఫిల్మ్‌ను వంద అడుగుల చుట్టగా తెచ్చి, డార్క్‌రూమ్‌లో కత్తిరించి, పాత డబ్బాల్లో నింపుకునేవాళ్లం. ఒక చుట్టకు పద్దెనిమిది రీళ్లు వచ్చేవి. డబ్బా మీది గుర్తు ఒకటి, లోపలి ఫిల్మ్ మరొకటి. అందుకని వేగాన్ని చేత్తో పెట్టుకోవాల్సి వచ్చేది. ఎఫ్-801 దానికీ ఒప్పుకుంటుంది. మోటారు ఉన్న కెమెరా మనిషి మాట వినదని అనుకునేవారికి ఇదొక్కటి చాలు. ఇందులో వేగం, లెన్స్ రంధ్రం, ఫోకస్ మూడూ చేత్తోనే పెట్టుకోవచ్చు. అన్నీ మీకే వదిలేసి ఊరుకోనూ గలదు. నా పాత, చేత్తో తిప్పే నికాన్ లెన్స్ ఒకదాన్ని దీనికి తగిలిస్తే, నేను తిప్పుతుండగా ఫోకస్ కుదిరిందో లేదో తెర కింద గుర్తుతో చెబుతుంది కూడా. మా మనవరాలికి చేత్తో తిప్పడం నేర్పాలంటే ఇంతకు మించిన పలక ఏముంటుంది? తప్పు చేస్తే పక్కనుండి చెబుతుంది.

సెల్స్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. ఈ కెమెరాకు కావలసినవి నాలుగు పెన్సిల్ సెల్స్. ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. అదే రోజుల్లో వచ్చిన ఈఓఎస్ 650కి ప్రత్యేకమైన లిథియం సెల్ కావాలి. అది అయిపోతే మా ఊళ్లో దొరికేది కాదు. కోనసీమలో ఏ లంక గ్రామంలో పెళ్లికి వెళ్లినా నేను జేబులో ఒక జత మాత్రమే అదనంగా పెట్టుకుని వెళ్లేవాడిని, మిగిలిన జత కావాలంటే ఆ ఊరి కొట్టే ఇచ్చేది. సెల్స్ లేకపోతే కెమెరా పూర్తిగా నిలిచిపోతుందన్నదీ నిజమే. ఆ ఒక్క విషయంలో కె1000 మెరుగు. సెల్ చచ్చిపోయినా మీటరు మాత్రమే ఆగుతుంది, షట్టర్ పడుతూనే ఉంటుంది. వ్యాసకర్త ఇది రాసి ఉంటే నేను ఒప్పుకునేవాడిని.

మరో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ తరం ఫోన్‌తో పోలిస్తే ఆ మోటారు నెమ్మది. చప్పుడు కూడా ఎక్కువే, గుడిలో మంత్రపుష్పం వేళ ఆ గిర్రుమనే శబ్దానికి అర్చకులు తల తిప్పి చూసేవారు. పరుగెత్తి వచ్చే పిల్లవాడిని పట్టడం దానికి కష్టం. పరుగు ఎక్కడికి వస్తుందో ముందే ఊహించి, అక్కడి నేల మీద ఫోకస్ పట్టుకుని, పిల్లవాడు ఆ చోటుకు రాగానే తీసేవాడిని. ఇందులో బద్ధకం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. ఏది ముఖ్యమో, ఎక్కడ కన్ను పెట్టాలో, ఎప్పుడు వేలు కదపాలో కెమెరాకు తెలియదు. అవన్నీ నావే. అది చేసిన సాయం ఒక్కటే, నా కళ్లు మానేసిన పని తను చేసి పెట్టింది. దాని వల్ల నేను మరో ఇరవై ఏళ్లు పెళ్లిళ్లు తీయగలిగాను, ఇద్దరు పిల్లల్ని చదివించగలిగాను.

ఇక మీ వ్యాసంలోని సలహా. పిల్లలు పూర్తిగా చేతితో నడిచే కెమెరాల కోసం ఎగబడుతున్నారు కాబట్టి, వాటి ధరలు పెరుగుతున్నాయి. మా మనవరాలి స్నేహితురాలు ఒకరు అలాంటిదే కొనుక్కుంది. షట్టర్ వేగాలు తప్పుతున్నాయని రెండో రీలు కడిగాక తెలిసింది. ఎనభైల చివర, తొంభైల మొదట్లో వచ్చిన ఆటోఫోకస్ ఫిల్మ్ కెమెరాలు మాత్రం, ఎవరూ అడగడం లేదని, దానికంటే ఎంతో తక్కువకు ఇస్తున్నారు. ఇలాంటి కెమెరా చూడబోతే ముందు సెల్స్ గది తెరవండి. లోపల తెల్లటి పొడి గాని, పచ్చటి తుప్పు గాని కనబడితే వదిలేయండి. వెనక తలుపు తెరిచి అంచున ఉండే నల్లటి స్పాంజి వేలికి బంకలా అంటుతోందేమో చూడండి. అంటినా భయపడనక్కరలేదు, దాన్ని మార్చవచ్చు. పైనున్న చిన్న తెరలో అంకెలు పూర్తిగా కనబడాలి. సెల్స్ వేసి, లెన్స్ తగిలించి, నిలువు గీతలున్న కిటికీ చువ్వల వైపు పెట్టి బటన్ సగం నొక్కండి. ఒక్కసారిలో ఆగాలి. ఆ తర్వాత తలుపు తెరిచే ఉంచి, షట్టర్ వేస్తూ దాని పలుచని రేకుల మీద మరకలు ఉన్నాయేమో చూడండి. రేకులను వేలితో తాకవద్దు, అవి చాలా పలుచన.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఆటోఫోకస్ డిజిటల్‌తో వచ్చిందన్న వాక్యాన్ని అదే అనుబంధంలో, అదే పుటలో సవరించండి. వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. ఆయనకు కావాలంటే నా ఎఫ్-801ను పదిహేను రోజులు వాడుకోవడానికి ఇస్తాను, ఒక రీలు కూడా వేసి ఇస్తాను. గోదావరి గట్టుకు వచ్చి, ఒకసారి వంతెన స్తంభం మీదా, ఒకసారి నీటి అంచు మీదా పెట్టి చూడమనండి.

మా మనవరాలికి ఈ ఉత్తరం చిత్తుప్రతి చదివి వినిపించాను. బాసికం దగ్గర ఆపి, నెగెటివ్‌లు చూపించమంది. కాంతిపెట్టె అటక మీది నుంచి దించి తుడిచి వెలిగించాను. లూపు ఆమె చేతికిచ్చాను. గంటన్నర సేపు లేవలేదు. ఇప్పుడు ఆ కెమెరా ఆమె దగ్గరే ఉంది. పెంటాక్స్ కూడా అడిగింది, అదీ ఇచ్చాను.

చివరగా పాఠకులకు ఒక పని. ఇంట్లో బీరువాలోనో అటక మీదో పాత కెమెరా ఉన్నవారు ఈ ఉత్తరం చదివిన వెంటనే దాని సెల్స్ తీసి బయట పెట్టండి. కెమెరాలను నేను చూసినంతలో ఎక్కువగా చంపింది వయసు కాదు, లోపల మరిచిపోయిన ఆ నాలుగు సెల్సే.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టూడియో ఫోటోగ్రాఫర్,
రాజమహేంద్రవరం.